ఫాల్టు పట్టే ఎలక్ట్రీషియన్ ఎందుకు దొరకడం లేదు?

సంక్షిప్తంగా: విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్ సంఘాలు తరచూ అనే మాట ఒకటే: మంచి మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్ దొరకడం లేదు. మరోపక్క ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి పని కోసం తిరుగుతున్న కుర్రాళ్లూ ఉన్నారు. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చు. తీగ లాగడం ఒక పని, చెడింది ఎక్కడో కనిపెట్టడం ఇంకో పని. ఆ రెండోది ఒకే చోట, ఒక పెద్ద మేస్త్రి వెనకాల కొన్నేళ్లు తిరిగితేనే అబ్బుతుంది. ఏటా మారే కాంట్రాక్టుల్లో, సీజన్ కొలువుల్లో ఆ కొన్నేళ్లు దొరకడమే కష్టంగా ఉంది.

ఒకే పేరు, నాలుగు పనులు

బయటివాళ్ల లెక్కలో కరెంటు పని చేసే ప్రతివాడూ ఎలక్ట్రీషియనే. దగ్గరకు వెళ్లి చూస్తే నాలుగు దారులు కనిపిస్తాయి.

స్తంభం ఎక్కే లైన్‌మన్ డిస్కమ్ మనిషి, అంటే ఇళ్లకు, మిల్లులకు కరెంటు పంచే సంస్థ మనిషి. విజయవాడ, గుంటూరు రెండూ ఇప్పుడు ఏపీ సీపీడీసీఎల్ అనే డిస్కమ్ కిందే ఉన్నాయి. తిరుపతి కేంద్రంగా నడిచే దక్షిణ డిస్కమ్‌ను 2019 చివర్లో విడగొట్టి, విజయవాడ కేంద్రంగా దీన్ని ఏర్పాటు చేశారు. లైన్‌మన్ బాధ్యత మీటరు దాకానే. మీటరు దాటాక ఏం చెడినా వినియోగదారుడే చూసుకోవాలి. సగం గొడవలు ఈ సరిహద్దు దగ్గరే పుడతాయి. ఫేజు పోయిందని కరెంటాఫీసుకు ఫోన్ చేస్తారు. వచ్చినతను మీటరు దగ్గర మూడు ఫేజులూ ఉన్నాయని చూపించి వెళ్లిపోతాడు. మిల్లు మాత్రం ఆగే ఉంటుంది.

వైర్‌మన్ కొత్త ఇంటి మనిషి. గోడ కొట్టి, పైపు వేసి, తీగ లాగి, బోర్డు బిగిస్తాడు. పాయింటుకు ఇంతని బేరం. మూడోది రివైండింగ్. కాలిన మోటారు షాపుకొస్తే పాత రాగితీగ కోసి, కొత్తది చుట్టి, వార్నిష్ పట్టించి పంపుతారు. ఆ మోటారు ఎక్కడ తిరిగిందో, ఎందుకు కాలిందో షాపువాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

నాలుగో మనిషి మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్. అతని ముందున్న ప్యానల్‌ను ఎవరో బిగించారు, తర్వాత ఇంకెవరో మార్చారు, మధ్యలో మరొకరు ఒక తీగ తప్పించి జంపరు (అడ్డదారి తీగ) వేశారు. ఇప్పుడది ఆగింది, నడిపించాలి. వైర్‌మన్ పని పూర్తయితే కంటికి కనబడుతుంది కాబట్టి కూలి అడగడం తేలిక. ఇతని పని సవ్యంగా జరిగిన నెలలో చూపించడానికి ఏమీ ఉండదు. జీతం దగ్గర బేరం ఎప్పుడూ ఇక్కడే తెగదు.

పావుగంటకోసారి ఆగే పంపు

స్పిన్నింగ్ మిల్లులో దారం తెగకుండా రావాలంటే గాలిలో తేమ ఉండాలి. ఆ తేమ కోసం నీళ్లు చిమ్మే హ్యుమిడిఫికేషన్ ప్లాంటులో 7.5 హెచ్‌పీ పంపు ఒకటి ఉందనుకుందాం. మామూలు డీవోఎల్ స్టార్టరు, అంటే మోటారుకు కరెంటును నేరుగా ఇచ్చేది. నడిచిన పావుగంటకు ఓవర్‌లోడ్ రిలే (కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే పరికరం) ట్రిప్ అవుతోంది. రీసెట్ నొక్కితే తిరుగుతుంది, మళ్లీ పావుగంటకు ఆగుతుంది.

చాలామందికి మొదట తోచేది రిలే మీది చిన్న డయల్. 11 ఆంపియర్ల మీద ఉన్న ముల్లును 14కి తిప్పితే పంపు ఆగడం మానేస్తుంది. సూపర్‌వైజరు సంతోషిస్తాడు, ఫైలు మూసేస్తారు.

అనుభవం ఉన్నవాడు డయల్ ముట్టుకోడు. ముందు, తీగ కోయకుండానే కరెంటు కొలిచే టంగ్ టెస్టరు తీసి మూడు తీగలకూ తగిలిస్తాడు. 10, 10, 10 ఆంపియర్లు అని చూపిస్తుంది. అంటే మోటారు ఎక్కువ కరెంటు లాగడం లేదు, మూడు ఫేజులూ సమానంగానే ఉన్నాయి. మరి రిలే ఎందుకు పడుతోంది? ఈ రిలేకు కరెంటు కనిపించదు, వేడి ఒక్కటే తెలుస్తుంది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఉంటుంది. కరెంటు పెరిగితే అది వేడెక్కి వంగి ట్రిప్ చేస్తుంది. ఆ వేడి వేరే దారిలో వచ్చినా పట్టీ వంగుతుంది. కింద టెర్మినల్ దగ్గర చూస్తే, ఒక తీగ లగ్గుకు (తీగ కొసకు తొడిగే లోహపు ముక్కకు) ఆనుకుని అంగుళం మేర రంగు మారి, ఇన్సులేషన్ గట్టిపడి ఉంటుంది. స్క్రూ వదులైంది. వదులు జాయింటులో 0.2 ఓమ్ అవరోధం ఉన్నా, 10 ఆంపియర్లకు 20 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ వేడి దాదాపు అంతే. దాన్ని రిలేకు ఆనించి పెట్టినట్టే లెక్క. పావుగంట పట్టడానికి కారణం కూడా అదే, ఆ వేడి మెల్లగా పాకాలి.

మెయిన్ ఆపి, కాలిన ముక్క కోసి, కొత్త లగ్గు క్రింప్ చేసి బిగించడానికి పది నిమిషాలు చాలు.

డయల్ తిప్పిన చోట కథ వేరేగా నడుస్తుంది. జాయింటు వేడెక్కుతూనే ఉంటుంది, వేడికి ఇంకా వదులవుతుంది. ఒక రోజు ఆ తీగ పూర్తిగా తెగి ఫేజు పోతుంది. తిరుగుతున్న మోటారు ఆగదు, మిగతా రెండు లైన్ల మీదే లాక్కొస్తుంది. వాటిలో కరెంటు సుమారు 1.73 రెట్లు, అంటే 17 ఆంపియర్లకు చేరుతుంది. 11 మీద ఉన్న రిలే అయితే త్వరలోనే పడేది. 14 మీద పెట్టిన రిలేకు 17 అంటే ఇరవై శాతం ఎక్కువే కాబట్టి తీరిగ్గా వేడెక్కుతుంది. ఈలోపు మోటారు లోపల పని అయిపోతుంది.

ఇక్కడ రివైండింగ్ షాపు ఒక సాక్ష్యం చూపించగలదు. చుట్లను ముక్కోణంలా కలిపిన డెల్టా మోటారుకు ఒక లైను పోతే, ఒక ఫేజు చుట్లు నల్లగా మాడి, మిగతా రెండూ దాదాపు కొత్తవాటిలా ఉంటాయి. మూడు చుట్ల కొసలు ఒకే చోట కలిసే స్టార్ కనెక్షన్ మోటారైతే తిరగేసినట్టు రెండు మాడి ఒకటి మిగులుతుంది. మూడూ సమానంగా మాడితే అది ఓవర్‌లోడ్, లేదా గాలి ఆడకపోవడం. కవరు విప్పిన మనిషికి ఇది ఒక్క చూపులో తెలుస్తుంది. కానీ బిల్లు మీద ‘7.5 హెచ్‌పీ రివైండింగ్’ అని మాత్రమే రాసి పంపుతారు. కొత్త చుట్లతో వచ్చిన మోటారు అదే స్టార్టరుకు, అదే 14 మీద ఉన్న రిలేకు మళ్లీ బిగుస్తుంది.

ఈ ప్రాంతం పెట్టే పరీక్ష

కరెంటు సూత్రాలు ఎక్కడైనా ఒకటే. చెడే తీరు మాత్రం ఊరిని బట్టి మారుతుంది.

గుంటూరులో పెద్ద లోడు కోల్డ్ స్టోరేజీలది. కొత్త మిర్చి యార్డుకు రావడం శీతాకాలం చివర్లో ఊపందుకుంటుంది. ధర నచ్చని సరుకు గోదాముల్లోకి ఎక్కుతుంది. లోపల ఒక అంకె డిగ్రీల చలి నిలపాల్సిన కంప్రెసర్లు ఎండలు ముదిరే నెలల్లోనే పూర్తి బరువు మోస్తాయి. చాలా గోదాముల్లో చల్లదనానికి వాడేది అమ్మోనియా. అది రాగిని, ఇత్తడిని తినేస్తుంది. అందుకే అమ్మోనియా పైపులు ఇనుముతో చేస్తారు. పైపుల సంగతి సరే, ప్యానల్లో ఉన్నదంతా రాగే కదా. కంప్రెసర్ గదికి ఆనుకుని ప్యానల్ పెట్టిన చోట కాంటాక్టులు నీలం-ఆకుపచ్చ రంగుకు తిరగడం, కంట్రోల్ తీగలు ఊరికే కాంటాక్టు వదిలేయడం మామూలు. ఆ గదిలో కొన్నేళ్లు తిరిగినవాడు ముక్కుతోనే సగం ఫాల్టు చెబుతాడు.

స్పిన్నింగ్ మిల్లులో శత్రువు దూది నుసి. మోటారు వెనక ఫ్యాను జాలీకి అది దుప్పటిలా పడుతుంది, గాలి ఆగుతుంది, వేడి పెరుగుతుంది. వైండింగు తట్టుకోగల హద్దు మీద పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇన్సులేషన్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఈ రంగంలో పాత లెక్క. ప్యానల్లోకి చేరిన నుసికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇక్కడ మెయింటెనెన్స్ అంటే చాలావరకు తుడవడం, ఊదడమే. చదువుకున్న కుర్రాళ్లకు ఆ పని చిన్నతనంగా కనబడుతుందని అంటారు, అందులో కొంత నిజం ఉంది.

విజయవాడ ఆటోనగర్ సంగతి ఇంకో రకం. వెల్డింగ్ సెట్లు, లేతులు, బాడీ బిల్డింగ్ షెడ్లు అన్నీ పక్కపక్కనే. లోడు నిలకడగా ఉండదు, క్షణంలో ఎగిసి క్షణంలో పడుతుంది. ప్రతిసారీ కేబుల్ జాయింటు వేడెక్కి చల్లారుతుంది. అల్యూమినియం కేబులైతే ఈ వ్యాకోచ సంకోచాలకు లగ్గు దగ్గర త్వరగా వదులవుతుంది. వీటన్నిటి మీదా ఎండ. ఇళ్లలో వాడే ఎంసీబీల (కరెంటు ఎక్కువైతే తమంతట తామే పడే స్విచ్చుల) రేటింగు 30 డిగ్రీల దగ్గర లెక్కగట్టింది. మే నెలలో రేకుల షెడ్డులో, తలుపు మూసిన డబ్బాలో ఉన్న ఎంసీబీ రాసిన అంకె కంటే తక్కువకే పడితే అది చెడిపోయినట్టు కాదు. ఈ సంగతి తెలియక పెద్ద ఎంసీబీ వేస్తారు, తీగ మాత్రం పాతదే. ఇక వేడెక్కే వంతు తీగది.

ఐటీఐ, పర్మిట్, లైసెన్సు

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు. తర్వాత 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఏదైనా సంస్థలో శిక్షణ పొందితే ఇంకో సర్టిఫికెట్. ఇవి చదువుకు సంబంధించిన కాగితాలు. వైర్‌మన్ పర్మిట్, సూపర్‌వైజర్ సర్టిఫికెట్, కాంట్రాక్టర్ లైసెన్సు పనికి సంబంధించినవి. వీటిని రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ వ్యవస్థ ఇస్తుంది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడం లాంటి చిన్న పనులు తప్ప, కొత్త వైరింగ్ గానీ ఉన్నదానికి పెద్ద మార్పు గానీ లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు కనుసన్నల్లో జరగాలన్నది నిబంధన. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలను 2010లో తెచ్చి, 2023లో కొత్తగా రాసింది.

కాగితాల వరస బాగానే ఉంది. వీటిలో ఏదీ ఫాల్టు పట్టే నేర్పును కొలవదు. ఐటీఐ ల్యాబులో స్టార్టరు బోర్డు మీద విప్పి పరిచి ఉంటుంది, తీగలకు నంబర్లుంటాయి. తప్పు ఉంటే అది మాస్టారు పెట్టిన తప్పు, ఒక్కటే ఉంటుంది. మిల్లులో తప్పులు జతగా వస్తాయి, నంబర్లు చెరిగిపోయి ఉంటాయి, పక్కన నిలబడి గడియారం చూసే మనిషి ఉంటాడు.

నేర్చుకునే దారి ఎక్కడ తెగింది

పాత మిల్లుల్లో ఏర్పాటు సాదాగా ఉండేది. ఒక సీనియర్, ఇద్దరు ముగ్గురు హెల్పర్లు. హెల్పరు మొదటి ఏడాదంతా టార్చి పట్టుకోవడం, స్పానరు అందించడమే. మూడో ఏడాదికి ఏ ప్యానల్లో ఏ కాంటాక్టరు (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) కాయిల్ గీపెడుతుందో చెవికి తెలిసేది. డ్రాయింగులో లేని జంపరు ఎక్కడుందో, ఎవరు ఎందుకు వేశారో సీనియర్‌కు గుర్తుండేది. ఆ జ్ఞాపకమే ఆ మిల్లుకు అసలు డ్రాయింగు.

మెయింటెనెన్స్‌ను ఏజెన్సీకి అప్పగించడం మొదలయ్యాక ఈ వరస తెగింది. తక్కువ కోట్ చేసినవాళ్లకు ఏడాదికి పని. మరుసటి ఏడాది ఇంకొకరు వస్తే మనుషులూ మారతారు. మారకపోయినా సర్వీసు మళ్లీ మొదటి నుంచే. కొత్తగా వచ్చినవాడికి ప్యానల్ అర్థమయ్యేసరికి కాంట్రాక్టు ముగుస్తుంది. ఏజెన్సీకి మనిషిని తీర్చిదిద్దడంలో లాభం లేదు, తీర్చిదిద్దిన మనిషి పక్క ఏజెన్సీకి, హైదరాబాద్‌కు, గల్ఫ్‌కు పోతాడు. యాజమాన్యానికీ తొందర లేదు, మనిషి తమవాడు కాదు. ఇద్దరి లెక్కా ఎవరిది వారికి సరైనదే. నష్టం ప్యానల్ రూములో పేరుకుంటుంది.

గుంటూరు వైపు సీజన్ కొలువులు దీనికి తోడు. మిల్లుకు, గోదాముకు పని ఉన్నన్నాళ్లే మనిషి కావాలి. ఖాళీ నెలల్లో అతను ఇళ్ల వైరింగ్‌కు పోతాడు, అక్కడ కూలి చేతికి వెంటనే వస్తుంది. ఒకసారి అటు అలవాటు పడినవాడు రాత్రి షిఫ్టుకు తిరిగి రావడం అరుదు.

షట్‌డౌన్ విషయంలోనూ ఈ తేడా కనబడుతుంది. డిస్కమ్‌లో లైన్ మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకోవాలి. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు అనేది రాతలో ఉంటుంది. అది ఉండి కూడా ప్రమాదాలు జరుగుతాయి, అది వేరే సంగతి. చాలా చిన్న మిల్లుల్లో, అపార్ట్‌మెంట్లలో అసలు అలాంటి రాతే లేదు. పాత మేస్త్రిలు మూడు ఫ్యూజులూ పీకి జేబులో వేసుకుని మోటారు దగ్గరకు వెళ్లేవాళ్లు. అదే వాళ్ల ఎల్‌సీ. ఫ్యూజుల స్థానంలో ఎంసీసీబీలు (పెద్ద లోడుకు వాడే ఎంసీబీలు) వచ్చాక జేబులో వేసుకోవడానికి ఏమీ మిగల్లేదు. వాటికి తాళం వేసే క్లిప్పులు మార్కెట్లో ఉన్నాయి, కొనేవాళ్లు తక్కువ. జనరేటర్ ఉన్న చోట ముప్పు రెట్టింపు. లైను కరెంటు, జనరేటరు కరెంటు కలవకుండా చూసే చేంజోవర్ స్విచ్చు సరిగా లేకపోతే, మెయిన్ ఆపి పని చేస్తున్న మనిషి మీదకు కరెంటు అటువైపు నుంచి వస్తుంది.

కరెంటు బిల్లులో దాక్కున్న ఖర్చు

ఎలక్ట్రీషియన్ జీతం ప్రతినెలా ఒకే వరుసలో కనబడుతుంది. అతను లేకపోవడం వల్ల పోయే డబ్బు నాలుగైదు ఖాతాల్లో చెదిరిపోతుంది. రివైండింగ్ ‘రిపేర్లు’లో పడుతుంది, ఆగిన షిఫ్టు ఉత్పత్తి నష్టంలో పడుతుంది. అన్నిటికంటే గుట్టుగా పోయేది పవర్ ఫ్యాక్టర్.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్లకు బిల్లు కేవీఏహెచ్ లెక్కన, అంటే పనికొచ్చిన కరెంటుకే కాక లైను నుంచి లాగిన మొత్తానికి వస్తుంది. లాగినదాంట్లో పనికొచ్చిన వంతే పవర్ ఫ్యాక్టర్. 100 కిలోవాట్ల నిజమైన పని చేయడానికి పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే 125 కేవీఏ లాగాలి, 0.98 ఉంటే 102 చాలు. అదే పనికి దాదాపు 18 శాతం తేడా. దీన్ని సరిచేసేది కెపాసిటర్ ప్యానల్. వేసవిలో వేడికి ఒక కెపాసిటర్ ఉబ్బుతుంది, లేదా ఒక ఫ్యూజు పోతుంది. ఏ మోటారూ ఆగదు, ఏ అలారమూ మోగదు. నెల తిరిగాక బిల్లు పెరిగితే ‘ఈ నెల రేటు పెంచినట్టున్నారు’ అనుకుని కట్టేస్తారు. వారానికి ఒకసారి ఆ ప్యానల్ ముందు నిలబడి, మూడు ఫేజులకూ టంగ్ టెస్టరు తగిలించి, అంకెలు పుస్తకంలో రాసే మనిషి ఉంటే అది వారంలోనే బయటపడుతుంది.

సెల్లారులో ప్యానల్

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానకు బుడమేరు పొంగి, విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, జక్కంపూడి వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మీటరు బోర్డులు, లిఫ్టు ప్యానళ్లు, నీళ్ల మోటార్లు ఎక్కువగా ఉండేది సెల్లారులో, గ్రౌండ్ ఫ్లోరులోనే. నీళ్లు తీశాక అందరికీ ఒకేసారి ఎలక్ట్రీషియన్ కావాల్సి వచ్చింది.

మునిగిన మోటారును కాపాడవచ్చు. విప్పి, మంచి నీళ్లతో బురద కడిగి, మెల్లగా ఆరబెట్టి, బేరింగులు మార్చి, మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడాలి. వైండింగుకు, బాడీకి మధ్య కనీసం ఒక మెగా ఓమ్ వచ్చాకే కరెంటు ఇవ్వాలన్నది వాడుకలో ఉన్న హద్దు. తొందరపడి పైపైన తుడిచి స్విచ్ వేస్తే అప్పటిదాకా బాగున్న వైండింగు అప్పుడే కాలుతుంది. ఎంసీబీలు, ఆర్‌సీసీబీల (కరెంటు లీకైతే పడే స్విచ్చుల) సంగతి అలా కాదు. బురద నీళ్లలో మునిగినవి ఆరాక ఆన్ అవుతాయి, ఆఫ్ అవుతాయి, చూడ్డానికి బాగానే ఉంటాయి. పడాల్సిన రోజు పడతాయన్న నమ్మకం ఉండదు. వాటిని పారేయడమే పద్ధతి. కడగాల్సిందేదో పారేయాల్సిందేదో తెలియడంలోనే పనితనం ఉంది.

కొత్త యంత్రాలు, పాత అలవాట్లు

డ్రైవులు అని అందరూ పిలిచే, మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీలు ఇప్పుడు చిన్న మిల్లుల్లోకీ, లిఫ్టుల్లోకీ వచ్చేశాయి. మోటారు అనుమానంగా ఉంటే మెగ్గర్ పెట్టడం పాత అలవాటు, మంచి అలవాటు కూడా. డ్రైవు విడదీయకుండా అదే పని చేస్తే మెగ్గర్ పంపే 500 వోల్టులకో, 1,000 వోల్టులకో లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి. మోటారును పరీక్షించబోయి, దానికంటే ఖరీదైన డ్రైవును కాల్చినట్టవుతుంది. డ్రైవు ఆపినా లోపలి కెపాసిటర్లలో వోల్టేజీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. ఎంతసేపు ఆగాలో మూత మీదే రాసి ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

సోలార్ పలకలదీ ఇదే తంతు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద కూడా ఇవి పెరిగాయి. మెయిన్ ఆపితే ఇల్లంతా కరెంటు లేనట్టేనన్న లెక్క అక్కడ పనికిరాదు. ఎండ ఉన్నంతసేపు పలకల నుంచి ఇన్వర్టరు దాకా వచ్చే డీసీ తీగల్లో వోల్టేజీ ఉంటుంది.

అంటే కావాల్సిన నేర్పు పెరుగుతోంది, నేర్చుకునే చోటు కుదించుకుపోతోంది. దీనికి పెద్ద పథకాలేమీ లేకుండానే కొంత చేయవచ్చు. మెయింటెనెన్స్ కాంట్రాక్టు పత్రాల్లో మనుషుల సంఖ్య, షిఫ్టులు, యూనిఫాం రంగు దాకా రాస్తారు. ఏ రిలే ఎంత మీద ఉందో రాసిన పట్టిక, మార్చిన తీగలతో సరిచేసిన డ్రాయింగు, పోయిన ఏడాది ఫాల్టుల పుస్తకం తర్వాతి ఏజెన్సీకి అప్పగించాలన్న షరతు మాత్రం అరుదుగా కనబడుతుంది. ఆ షరతు ఉన్న చోట, హ్యుమిడిఫికేషన్ ప్లాంటుకు కొత్తగా వచ్చిన కుర్రాడు రిలే ముల్లు 14 మీద ఉండటం చూసి పట్టిక తిప్పుతాడు. అందులో 11 అని ఉంటుంది.